అర్ధరాత్రి ఫిల్లర్ టీవీ: ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ వెతకాలి, ఏం గమనించాలి

రాత్రి పన్నెండున్నర దాటాక టీవీ పెట్టి, నాలుగు ఛానళ్లు తిప్పి, "ఏమీ రావట్లేదు" అని కట్టేసి పడుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వస్తోంది. సీరియళ్లు, డిబేట్లు, డాన్స్ షోలు అయిపోయాక తెల్లవారుజామున భక్తి కార్యక్రమాలు మొదలయ్యేదాకా ఛానల్ ఖాళీగా ఉండటానికి లేదు, ఏదో ఒకటి నడుస్తూనే ఉండాలి, ఆ ఏదో ఒకదాన్నే టీవీవాళ్లు ఫిల్లర్ అంటారు. రక్షా యంత్రాల అమ్మకం, మోకాళ్ల నొప్పుల తైలం, జాతిరత్నాల జ్యోతిష్యం, ఫోన్ కలిస్తే బహుమతి అనే షో, ఎప్పటివో బ్లాక్ అండ్ వైట్ సినిమాలు, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ వేసే పుట్టినరోజు ప్రకటనలు, అన్నీ అందులోవే.

నాకు ఇవంటే ఇష్టం. టైమ్‌పాస్ కోసం కాదు, నిజంగానే ఇష్టం. పగటి టీవీలో డబ్బు పెట్టి కప్పేసేవన్నీ రాత్రి టీవీలో బయటికి కనిపిస్తాయి: లైటు ఎక్కడ పెట్టారు, గొంతు ఎవరిది, మెటీరియల్ లేకుండా ఒక్క యాంకర్ అరగంట ఎలా లాక్కొచ్చింది, పక్కనున్న బొమ్మని ఏ డిజైనర్ ఎంత హడావిడిలో చేశాడు. తక్కువ డబ్బుతో టైమ్ నింపడం కూడా ఒక పనితనమే. ఆ పని చేసిన చెయ్యి కనబడటమే దీని అందం. అది కనబడాలంటే కొంచెం పద్ధతిగా చూడాలి.

టైమ్ సంగతి

పదకొండింటికే పెడితే ఫిల్లర్ దొరకదు. అప్పుడు వచ్చేవి రాత్రి ఎనిమిదింటి సీరియల్ రిపీట్లే. పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా పెద్దవాళ్లకు మాత్రమే అనే కంటెంట్ వేసుకోవచ్చని 2011లో ఛానళ్ల సంఘం తమకు తాము నియమం పెట్టుకుంది. 2017 డిసెంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ కండోమ్ ప్రకటనల్ని రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్యలోనే వేయమంది. అంటే ఆ టైమ్‌కి ఒక గీత ముందే ఉంది, కానీ అసలు ఫిల్లర్ ఆ గీత దాటిన ఓ గంటన్నరకి గానీ మొదలవదు. ఒంటిగంట నుంచి నాలుగు మధ్య చూడండి. నాలుగున్నరకి సుప్రభాతాలు, రాశిఫలాలు వచ్చేస్తాయి, అక్కణ్ణుంచి మళ్లీ మామూలు టీవీ.

వారం మధ్యలో అయితే మంచిది. శని, ఆదివారాలు రాత్రి కాస్త పేరున్న సినిమా వేసేస్తారు. మహాశివరాత్రికి అసలు పెట్టుకోకండి. జాగారం చేసేవాళ్లు ఇంటింటా మేలుకుని ఉంటారు కాబట్టి ఆ ఒక్క రాత్రీ శ్రీశైలం నుంచి లైవ్, భక్తి సినిమాలు వరసగా పెడతారు, ఫిల్లర్‌కి చోటుండదు. ఫిల్లర్ అనేది చూసేవాళ్లు లేరనుకున్నప్పుడు వేసేది. మనిషి మేలుకున్నాడని తెలిస్తే చాలు, సరుకు మారిపోతుంది.

విదేశాల్లో ఉండి ఇండియా ఫీడ్ నేరుగా చూసేవాళ్లకు లెక్క వేరు. ఇక్కడ రాత్రి ఒంటిగంటంటే న్యూజెర్సీలో వేసవిలో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. కువైట్‌లో రాత్రి పదిన్నర, దుబాయ్‌లో పదకొండున్నర. ఈ గల్ఫ్ లెక్క నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్లి కువైట్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, నిజామాబాద్, కరీంనగర్ నుంచి వెళ్లి దుబాయ్‌లో పనిచేసే మగవాళ్లు పని ముగించుకుని, వండుకుని తిని టీవీ పెట్టుకునే టైమ్ సరిగ్గా అదే. ఇక్కడ ఎవరూ చూడరని వేసేది అక్కడ వాళ్లకు తెలుగు మాట వినపడే ప్రైమ్ టైమ్. ఓవర్సీస్ ఫీడ్ విడిగా ఉన్న ఛానళ్లలో ప్రకటనలు మారిపోతాయి, ఆ తేడా గమనించండి.

ఎక్కడ వెతకాలి

యాప్‌లో దొరకదు. ఓటీటీల్లో, యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఎపిసోడ్ ఒక్కటే కోసి పెడతారు, దాని చుట్టూ ఉన్నదంతా తీసేస్తారు. మనకి కావాల్సింది ఆ చుట్టూ ఉన్నదే. కాబట్టి టైమ్ ప్రకారం నడిచే ఛానలే కావాలి. డిష్ కంటే ఊరి కేబుల్ మేలు, ఎందుకంటే లోకల్ ఛానళ్లు కేబుల్‌లోనే ఉంటాయి. హైదరాబాద్, విశాఖలకు సెట్‌టాప్ బాక్స్ 2013లో తప్పనిసరి అయింది, తర్వాత మిగతా ఊళ్లకీ వచ్చింది. బాక్స్ వచ్చాక ఛానళ్లు వందల్లోకి వెళ్లాయి కాబట్టి లోకల్‌వి ఏ నంబర్ల దగ్గర ఉన్నాయో మీ ఆపరేటర్‌నే అడిగేయండి, లేదంటే వెతుకులాటకే ఒక రాత్రి పోతుంది. ప్రభుత్వం వీటిని ప్లాట్‌ఫామ్ సర్వీసులు అంటుంది. 2022 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో ఛానల్‌కి 1,000 రూపాయలు ఒకేసారి కట్టి రిజిస్టర్ చేయించుకోవాలి, అది ప్లాట్‌ఫామ్ సర్వీస్ అని తెర మీద కనబడాలి. ఆ అక్షరాలు కనిపించాయంటే సరైన చోటికి వచ్చినట్టే.

టీవీ సెట్టింగులు కూడా ఒకసారి చూసుకోండి. పాత కార్యక్రమాలన్నీ 4:3 కొలతలో తీసినవి, కొత్త టీవీలు వాటిని అడ్డంగా సాగదీసి అందరి మొహాలూ ఉబ్బినట్టు చూపిస్తాయి. రిమోట్‌లో పిక్చర్ సైజు మార్చి 4:3 పెట్టండి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. కదలికల్ని నునుపు చేసే ఆప్షన్ ఉంటే తీసేయండి. ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. డబ్బింగ్ సరదా అంతా చెవిలోనే ఉంది.

లోకల్ కేబుల్: ఇక్కడ తొందరపడకండి

ఒక్క రాత్రే టైమ్ ఉంటే అది మొత్తం లోకల్ కేబుల్‌కే ఇచ్చేయమంటాను. తెర మధ్యలో ఏదో పాత పాట నడుస్తుంటుంది. కింద ఒకటికి రెండు స్క్రోలింగులు, కుడిపక్క నిలువుగా జూనియర్ కాలేజీ ప్రకటన, మూలలో ఆపరేటర్ లోగో, ఇంకో మూలలో గడియారం. పాట అయిపోగానే తెర నిండా ఒక పుట్టినరోజు ప్రకటన.

ఆ ప్రకటనని పూర్తిగా చూడండి. ఏడాది పిల్లాడు కృష్ణుడి వేషంలో ఉంటాడు, నెమలి పింఛం కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది, ఫోటో స్టూడియోలో తీసింది, వెనక ఉన్న జలపాతం తర్వాత అతికించింది. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల వరస: తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ, పెదనాన్న, బాబాయి, పిన్ని, మేనమామ, చివర్లో అక్క. ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది పెద్ద సైజులో ఉండాలి అనేదాని మీద ఆ ఇంట్లో కచ్చితంగా ఒక చర్చ జరిగే ఉంటుంది. అక్షరాలు చూస్తే పసుపు రంగు, చుట్టూ ఎర్ర అంచు, వెనక నీడ. ఊళ్లో ఫ్లెక్సీలకీ పెళ్లి కార్డులకీ వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లే ఇక్కడా వాడతారు, చాలాచోట్ల ఫ్లెక్సీ చేసే కుర్రాడే ఇదీ చేస్తాడు కాబట్టి. ఒక ఊరి లోకల్ ఛానల్ నాలుగు రోజులు చూశారంటే ఆ డిజైనర్ చేతివాటం మీకు తెలిసిపోతుంది, ఫోటో చుట్టూ అతను ఎప్పుడూ వాడే ఆ గుండ్రటి పూల అంచు ఇంకెక్కడ కనిపించినా గుర్తుపడతారు.

తర్వాత పని, లూప్ పట్టుకోవడం. రాత్రిపూట ఆపరేటర్ ఆఫీసులో మనిషి ఉండడు, కంప్యూటర్‌లో ఒక లిస్టు పెట్టేసి ఇంటికి వెళ్తాడు. ఒక ప్రకటన కనబడగానే టైమ్ రాసుకుని, అదే మళ్లీ ఎప్పుడొస్తుందో చూడండి. ఆ మధ్యలో ఎన్ని బంగారం షాపులు, ఎన్ని టూ-లెట్‌లు, ఎన్ని శ్రద్ధాంజలులు వచ్చాయో లెక్కపెడితే ఆ వారం ఊరి వ్యవహారం ఎలా ఉందో చాలావరకు అర్థమవుతుంది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో లూప్ అంతా ర్యాంకుల ఫోటోలే. మే నెలలో ఏసీలు, కూలర్లు. ఆషాఢంలో చీరల డిస్కౌంట్లు. అప్పుడప్పుడు కంప్యూటర్ ఏదో మెసేజ్ చూపించి ఆగిపోతుంది, లేదా మౌస్ బాణం గుర్తు సరిగ్గా పిల్లాడి నుదుటి మీద వచ్చి తెల్లవారేదాకా అక్కడే ఉండిపోతుంది. ఆపరేటర్ పొద్దున్నే వచ్చి మౌస్ కదిపాడంటే అది లైవ్, అది చూడటానికి ఐదున్నరదాకా మేలుకున్నా తప్పులేదు.

వినాయక చవితి తర్వాత వారం రోజులు అసలు వదలొద్దు. నిమజ్జనం ఊరేగింపుని ఎవరో ఒక మేడ మీద నుంచి ఒకే కెమెరాతో తీసి, ఎడిటింగ్ లేకుండా మొత్తం వేసేస్తారు. రెండేసి, మూడేసి గంటలు. బండి ఆగితే కెమెరా కూడా ఆగి దాన్నే చూస్తుంది. రంగు పూసుకున్న పిల్లలు కెమెరా చూసి చేతులూపి వెళ్లిపోతారు, మళ్లీ సందు చుట్టి ముందుకొచ్చి ఇంకోసారి ఊపుతారు. పగలు న్యూస్ ఛానల్లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ నుంచి క్రేన్లతో, డ్రోన్లతో వచ్చే ప్రసారంలో మీ వీధి మనుషులు కనిపించరు. ఇక్కడ కనిపిస్తారు, అదీ పేరుపెట్టి పిలవగలిగేంత దగ్గరగా. సందడి సౌండ్ కూడా ఏ మైకూ సరిచేయనిది, డప్పు దగ్గరికొచ్చేకొద్దీ పెరిగి, దాటిపోయాక తగ్గుతుంది.

యంత్రాలు, తైలాలు

ఇక శాటిలైట్ ఛానళ్లలో వచ్చే అమ్మకాలు. మన దగ్గర టీవీలో వస్తువులు అమ్మడం 1990ల మధ్యలో మొదలైంది. అమెరికాలో 1984లో ప్రకటనల టైమ్ మీద ఉన్న పరిమితిని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎత్తేశాక అరగంట ప్రకటనలు పెరిగాయి, ఆ పద్ధతే ఇక్కడికీ వచ్చింది. మన కేబుల్ టీవీ నియమాల్లో గంటకు 12 నిమిషాలు మించి ప్రకటనలు వేయకూడదని ఉంది, అందులో 10 బయటివాళ్లవి, 2 ఛానల్ సొంతానివి. కాబట్టి అరగంట అమ్మకం కార్యక్రమంలాగా తయారై వస్తుంది: ఒక సెట్, ఒక సోఫా, ఒక యాంకర్, ఒక గురువుగారు, నలుగురు లబ్ధిదారులు. తెర మూలలో చిన్న అక్షరాల కోసం వెతకండి, ఇది ప్రకటన అనో స్పాన్సర్డ్ అనో అక్కడ ఉంటుంది.

చూసే పద్ధతి ఇది. మొదటి పది నిమిషాలు కథ వినండి, తర్వాత కథ వదిలేసి తయారీ చూడండి. కష్టాలన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటాయి, వస్తువు ఇంటికి రాగానే రంగులొస్తాయి. ధర కనిపించే నిమిషం గుర్తుపెట్టుకుంటే మళ్లీ అదే ధర, అదే గంట శబ్దంతో ఎంతసేపటికి వస్తుందో తెలుస్తుంది, అక్కడ ఒక చుట్టు పూర్తయినట్టు. ఎప్పుడు పెట్టినవాళ్లకైనా కొద్ది నిమిషాల్లో ఫోన్ నంబర్ కనబడాలనే లెక్కతో కట్టిన అల్లిక అది, ఈ విషయంలో రాసినవాళ్లను మెచ్చుకోవాల్సిందే.

డబ్బింగ్ దగ్గర మనసుపెట్టండి. చాలావరకు హిందీలో తీసి మిగతా భాషల్లోకి మార్చినవే. డబ్బింగ్ రాసేవాళ్లకి ప్రాణసంకటం ప, బ, మ అక్షరాలతో, ఎందుకంటే అవి పలికితే పెదవులు కలవాలి. తెర మీద మనిషి పెదవులు మూసినప్పుడు తెలుగు మాటలోనూ అలాంటి అక్షరమే పడితే అతికినట్టు ఉంటుంది. పెద్ద సినిమాలకి దాని కోసం రోజులు కూర్చుంటారు. ఇక్కడ ఆ తీరిక ఉండదు, అయినా ఒక్కోసారి "మా ఆయన బాధ" అన్న మాట సరిగ్గా పెదవుల మీద కూర్చుంటుంది. ఆ ఒక్క క్షణం వెనక, చీకటి బూత్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముక్క తర్వాత ముక్క చెప్పుకుంటూ పోయిన ఒక ఆర్టిస్టు ఉన్నారు. ఒకే గొంతు ఎంతమందికి చెప్తోందో పట్టుకోవడం ఇంకో మంచి అలవాటు. సూరత్ వ్యాపారికీ, లక్నో టీచర్‌కీ, మధ్యలో డాక్టర్ కోటు వేసుకున్నాయనకీ ఒకరే చెప్తుంటారు, వయసు తేడా మాత్రం గొంతులో చిన్న గరగరతో తెప్పిస్తారు.

చూడటం వేరు, కొనడం వేరు. ఈ మాట గట్టిగానే చెప్తాను. షుగర్, క్యాన్సర్, పక్షవాతం లాంటివాటిని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, తాయెత్తులతో మంత్రాలతో నయమవుతుందని చెప్పడం కూడా. మానవాతీత శక్తులు ఉన్నాయంటూ యంత్రాలని టీవీలో అమ్మడం చట్టవిరుద్ధమని 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ తీర్పు చెప్పింది, మహారాష్ట్ర 2013లో తెచ్చిన చేతబడి నిరోధక చట్టం ఆధారంగా. తెర మీద ఏ పెద్దాయన ఏం చెప్పినా డాక్టర్ ఇచ్చిన మాత్రలు ఆపొద్దు. ఇంట్లో నిద్రపట్టని పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చుని చూడండి, ఆ నంబర్లన్నీ మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా మేలుకుని ఉన్నవాళ్ల కోసమే తెర మీద తిరుగుతుంటాయి. ఇప్పటికే డబ్బు కట్టి వస్తువు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఫోన్ కాల్ షోలు

"హలో, ఎవరండీ మాట్లాడేది?" దగ్గర నుంచి "మీ నక్షత్రం ఏంటమ్మా?" దాకా మధ్యలో ఒక చిన్న గందరగోళం ఎప్పుడూ ఉంటుంది. కాల్ చేసినావిడ "హలో" అంటుంది, యాంకర్ "చెప్పండమ్మా" అంటుంది, ఆవిడ మళ్లీ "హలో, హలో" అంటుంది, వెనక నుంచి యాంకర్ గొంతే ఆలస్యంగా వినిపిస్తుంది. అప్పుడు ఆ మాట వస్తుంది: "అమ్మా, మీ టీవీ వాల్యూమ్ కాస్త తగ్గించండమ్మా." కారణం ఏంటంటే, స్టూడియో నుంచి వెళ్లిన సిగ్నల్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది, దాని మీద డిజిటల్ కుదింపు, కేబుల్‌వాళ్లు సిగ్నల్ అందుకుని పంపే కేంద్రం, బాక్స్ అన్నీ కలిసి కొన్ని సెకన్లు వెనక్కి లాగుతాయి. ఫోన్ మాత్రం వెంటనే చేరుతుంది. ఆవిడ ఒక చెవితో ఇప్పటి మాట, ఇంకో చెవితో కాసేపటి కిందటి తన మాటే వింటోంది. ఆ తికమకలో నుంచి ఆవిడని మెల్లగా బయటికి తెచ్చి, పుట్టిన తేదీ అడిగి, పిల్లాడి ఉద్యోగం సంగతి చెప్పించడం యాంకర్ పని. విసుక్కోకుండా రోజూ అది చేసేవాళ్లంటే నాకు గౌరవం.

లైవ్ అని రాసి ఉన్నా రాత్రి రెండింటికి వచ్చేది ఎక్కువగా రికార్డింగే. ఫోన్ నంబర్ మీద పట్టీ వేసి కప్పేసి ఉంటే, లేదా "శుభోదయం" అని పలకరిస్తుంటే రిపీట్ అన్నమాట.

ఇంకో రకం ఉంది. ఇద్దరు నటుల మొహాలు సగం సగం అతికించి, ఎవరో చెప్తే బహుమతి అంటారు. బొమ్మ పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది, ఫోన్ చేసినవాళ్లు మాత్రం తప్పే చెప్తుంటారు, బయట ఫోన్ చేస్తూ ఎదురుచూసేవాళ్ల బ్యాలెన్స్ కరిగిపోతుంటుంది. ఫోన్ ముట్టుకోకండి. అయితే కాల్స్ రాని ఖాళీలో ఆ యాంకర్‌ని చూడండి. చేతిలో స్క్రిప్ట్ లేదు, పక్కన మనిషి లేడు, చెప్పడానికి విషయం కూడా లేదు, ఒక్కటే ప్రశ్నని కొత్తగా అడుగుతున్నట్టు మళ్లీ మళ్లీ అడుగుతూ, నవ్వు చెదరకుండా, నించునే ఉంటుంది. పెద్ద షోలు చేసే స్టార్ యాంకర్లలో ఎంతమంది అలా ఒంటరిగా లాక్కురాగలరో చెప్పలేం.

పాత సినిమాలు, పాత దూరదర్శన్

సినిమాల గురించి ఎక్కువ చెప్పను, అవి దొరికితే అదృష్టం. బి.విఠలాచార్య తీసిన జానపదాలు అర్ధరాత్రి తగిలితే మాత్రం రిమోట్ పక్కన పెట్టేయండి. ఆర్టిస్టు డేట్లతో పేచీ పెడితే ఆ పాత్రని శాపం పేరుతో ఏ చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ ముగించేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అస్థిపంజరం నడుస్తుంటే దాన్ని లాగే దారం కోసం వెతకండి, కత్తియుద్ధంలో అదే స్తంభం ఎన్ని కోటల్లో కనిపిస్తుందో చూడండి. తక్కువ ఖర్చుకి మన తెలుగులో ఆయనకు మించిన బడి లేదు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్‌లో మొదలైంది. అంతకు ముందే 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో భాగంగా నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు, అందులో మన పల్లెలూ ఉన్నాయి. ఆ రోజుల్లో రాత్రి ప్రసారం ముగిశాక ఫిల్లర్ అనేదే లేదు, పట్టీల కార్డు, ఒక సన్నటి కూత, తర్వాత తెర నిండా చీమల్లాంటి చుక్కలు. ఫిల్లర్ అంతా కార్యక్రమాల మధ్యలోనే: "అంతరాయానికి చింతిస్తున్నాం" అనే కార్డు, దాని వెనక వీణో వేణువో. 1990ల్లో శాటిలైట్ ఛానళ్లు వచ్చి ఇరవైనాలుగు గంటలూ నింపాల్సి వచ్చాకే అర్ధరాత్రి అనేది ఒక స్లాట్ అయింది. ఇప్పటికీ తీరికైన టీవీ కావాలంటే దూరదర్శన్ తెలుగు ఛానళ్లు యాదగిరి, సప్తగిరి పెట్టుకోండి, డీడీ ఫ్రీ డిష్ ఉంటే నెలనెలా కట్టేది కూడా ఏమీ లేదు.

బయటి దేశాల్లో ఫిల్లర్‌ని నెత్తిన పెట్టుకున్నారు. న్యూయార్క్‌లో డబ్ల్యూపీఐఎక్స్ ఛానల్ 1966 క్రిస్మస్‌కి ప్రకటనలు ఆపేసి పొయ్యిలో మండే కట్టెల బొమ్మ వేసింది, అది కొన్ని సెకన్ల ఫిల్మ్‌నే మళ్లీ మళ్లీ తిప్పింది, జనం దాన్ని పండగ ఆనవాయితీ చేసుకున్నారు. జర్మనీలో 1990ల నుంచి రాత్రిళ్లు రైలు కిటికీ నుంచి కనబడే దారులు, అంతరిక్షం నుంచి తీసిన భూమి వేశారు, వాటికీ అభిమానులున్నారు. మన నిమజ్జనం ఊరేగింపు రికార్డింగ్ వాటికి ఏ రకంగానూ తీసిపోదు, దాన్ని అలా చూసేవాళ్లే తక్కువ.

దాచుకోవడం

శాటిలైట్ ఛానళ్ల సరుకు ఎక్కడో ఒకచోట మిగులుతుంది. లోకల్ కేబుల్‌ది మిగలదు. కొత్త నెల రాగానే హార్డ్ డిస్క్‌లో పాత ప్రకటనలు చెరిపేసి కొత్తవి వేస్తారు. కాబట్టి నచ్చింది దాచుకోండి. సెట్‌టాప్ బాక్స్‌కి యూఎస్‌బీ పెట్టి రికార్డ్ చేస్తే చాలా బాక్సుల్లో అది అదే బాక్స్‌లో తప్ప ఇంకెక్కడా ప్లే కాదు, దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, గదిలో లైటు తీసేసి, తెరకి ఎదురుగా నిలువు లేకుండా అడ్డంగా తీయండి. పాత డబ్బా టీవీ అయితే తెర మీద నల్ల గీతలు పాకుతాయి, కెమెరాలో ప్రో మోడ్‌కి వెళ్లి షట్టర్ 1/50 పెడితే అవి ఆగిపోతాయి. లూప్ ఒక చుట్టు మొత్తం తీయండి, ముక్కలు వద్దు.

ఫైల్ పేరులో ఊరు, తేదీ, టైమ్, ఛానల్ నంబర్ రాయండి. పదేళ్ల తర్వాత చూసుకున్నప్పుడు అవి లేకపోతే ఏ ఊరో ఏ ఏడాదో మీకే తెలియదు. బయట పెట్టేటప్పుడు మాత్రం పిల్లల ఫోటోలు, శ్రద్ధాంజలి ప్రకటనలు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు, అవి ఆ ఊరి కోసం ఇచ్చినవి. పాటలున్న వీడియోలకి కాపీరైట్ గొడవ ఎలాగూ వస్తుంది.

ఇంట్లో పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే ముందు వాటిని చూడండి. పెళ్లి వీడియో చివర్లో, టేపు మిగిలిందని ఎవరో టీవీ నుంచి రికార్డ్ చేసిన పావుగంట ఉంటే ఉండొచ్చు. బూజు పట్టిన టేపుని మాత్రం మీరే వీసీఆర్‌లో పెట్టకండి, టేపు, హెడ్ రెండూ పాడవుతాయి, మార్చి ఇచ్చే షాపులో ఇవ్వండి.

అన్నిటికంటే మంచి పద్ధతి ఆపరేటర్‌ని అడగడం. ఇరవై ఏళ్లుగా అదే ఊళ్లో కేబుల్ నడుపుతున్నాయన దగ్గర పాత సీడీలు, మూలన పడేసిన సీపీయూలు, పాత నిమజ్జనాల రికార్డింగులు ఉంటాయి, ఇంతవరకు వాటిని అడిగినవాళ్లు లేరు కాబట్టి ఆయనకీ సంతోషమే. ఈసారి నెల బిల్లు కట్టడానికి వెళ్లినప్పుడు ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి, పెద్దదైతే ఇంకా మంచిది, ఒక్క ఊరేగింపే చాలా చోటు తింటుంది.